రాడార్ గుమ్మటము – వర్షపు లెక్క: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలకు తగిన రాడోమ్ ఎంపిక

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కురిసిన వాన ఈ ప్రాంత రైతుల జ్ఞాపకంలో చాలాకాలం నిలిచి ఉంటుంది. ఏడాది పొడవునా సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వర్షం పడే జిల్లాలో, కనీసం ఒకచోట ఒక్క రోజులోనే నలభై సెంటీమీటర్లకు పైగా నమోదైనది. జాతీయ రహదారి తెగినది, రైలు కట్ట కోతకు గురైనది, వరి, సోయాచిక్కుడు, మొక్కజొన్న చేలు ఇసుక మేటల కింద మిగిలినవి. ఇటువంటి రోజున రైతుకు, విస్తరణ శాస్త్రవేత్తకు కావలసినది ఒక్కటే: ఎక్కడ, ఎంత వాన, ఎంతసేపటిలో అన్న నమ్మదగిన సమాచారం. ఆ సమాచారంలో పెద్ద భాగం నేడు వాతావరణ రాడార్ల నుంచి అందుతున్నది.

సస్యశాస్త్రం బోధించేవాడు రాడార్ గుమ్మటము గురించి వ్రాయడమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. నేల తేమ లెక్కలకు, నీటి ఎద్దడి అంచనాలకు, యూరియా పైపాటు సలహాలకు మనం వాడే వర్షపాతపు అంకె ఎలా పుడుతున్నదో తెలియకుండా, ఆ అంకెకు ఎంత విలువ ఇవ్వాలో తెలియదు. కొన్నేళ్ల క్రితం ఎల్లారెడ్డి వైపు ఒక రైతు నాతో అన్న మాట ఈ విషయం మీదికి నా దృష్టిని మళ్లించినది: “సారూ, ఫోన్‌ల పచ్చగనే సూపెట్టింది. మా పొలంల మాత్రం మోకాలు బంటి నీళ్లున్నయి.” పటంలో పచ్చరంగు తేలికపాటి వానకు గుర్తు. పటానికి, పొలానికి మధ్య తేడా రావడానికి కారణాలు అనేకం. వాటిలో తరచుగా చర్చకు రానిది రాడార్‌ను కప్పి ఉండే గుమ్మటము.

రాడోమ్ అంటే ఏమిటి?

రాడార్, డోమ్ అన్న రెండు మాటల కలయిక రాడోమ్. రాడార్ యాంటెన్నాను గాలి, వాన, ఎండ, దుమ్ము, పక్షులు, కోతుల బారి నుంచి కాపాడుతూ, రేడియో తరంగాలను మాత్రం అడ్డు లేకుండా సాగనిచ్చే కవచమిది. దూరం నుంచి చూస్తే కొండ మీద ఉంచిన పెద్ద తెల్లని బంతిలా కనిపిస్తుంది. రక్షణ, పారదర్శకత అన్న ఈ రెండు లక్షణాలు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. గోడ మందమైన కొద్దీ బలం పెరుగుతుంది, తరంగం నష్టపోతుంది. పలుచనైన కొద్దీ తరంగం సుఖంగా సాగుతుంది, గాలివానకు గోడ నిలవదు. రాడోమ్ ఎంపిక అంటే ఈ రెంటి మధ్య ఆ స్థలానికి తగిన సమతూకం కనుగొనడమే.

ఇది లేకపోతే ఏమవుతుందో 2017 సెప్టెంబరు 20న ప్యూర్టోరికో ద్వీపంలో తెలిసినది. మరియా అనే పెనుతుఫాను అక్కడి వాతావరణ రాడార్ గుమ్మటాన్ని ఛిన్నాభిన్నం చేసి, లోపలి యాంటెన్నాను కూడ పెకలించివేసినది. ద్వీపానికి రాడార్ చూపు అత్యవసరమైన వేళలోనే అది పోయినది. రాడార్ తిరిగి పనిచేయడానికి మరుసటి ఏడాది జూను వరకు సమయం పట్టినది.

కామారెడ్డిని చూసే కన్ను ఎక్కడున్నది?

భారత వాతావరణ శాఖ వారి ఎస్-బ్యాండ్ డాప్లర్ రాడార్ హైదరాబాదులోని బేగంపేటలో ఉన్నది. అక్కడి నుంచి సరళరేఖలో కామారెడ్డి దాదాపు 97 కిలోమీటర్లు, ఎల్లారెడ్డి దాదాపు 94 కిలోమీటర్లు. రాడార్ కిరణం అర డిగ్రీ కోణంలో బయలుదేరినదనుకొందాము. భూమి వంపును, వాతావరణంలో కిరణం పొందే వంపును కలిపి లెక్కిస్తే, వంద కిలోమీటర్ల దూరంలో కిరణం మధ్యభాగం రాడార్ మట్టానికి దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. కిరణం వెడల్పు ఒక డిగ్రీ అయితే, అక్కడ దాని వ్యాసం ఒకటిముప్పాతిక కిలోమీటర్లు. కనుక ఈ రాడార్ ఎల్లారెడ్డి పొలాల మీది వానను నేల దగ్గర చూడడం లేదు. మేఘం మధ్య భాగంలోని నీటి బిందువులను చూసి, నేల మీద ఎంత పడుతున్నదో ఊహిస్తున్నది. ఇది ఎవరి లోపమూ కాదు. దూరం విధించిన పరిమితి.

ఈ పరిమితిని అధిగమించడానికి పలు దేశాలలో పెద్ద రాడార్ల మధ్య ఖాళీలను చిన్న ఎక్స్-బ్యాండ్ రాడార్లతో పూరిస్తున్నారు. మన దేశంలో కూడ 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘మిషన్ మౌసమ్’ రాడార్ల సంఖ్యను పెంచడాన్ని లక్ష్యాలలో ఒకటిగా పెట్టుకొన్నది. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల మధ్య సరళరేఖా దూరం 37 కిలోమీటర్లు మాత్రమే. బోధన కోసం ఒక ఉదాహరణ తీసుకొందాము: తాడ్వాయి, లింగంపేట మండలాల పరిసరాలలో ఒక గుట్ట మీద చిన్న రాడార్ పెట్టినామనుకొందాము. రెండు పట్టణాలూ దానికి ఇరవై కిలోమీటర్ల లోపే ఉంటాయి. ఒక డిగ్రీ కోణంలో వెళ్లే కిరణం ఆ దూరంలో దాదాపు 370 మీటర్ల ఎత్తున ఉంటుంది, వెడల్పు 350 మీటర్లు. నేల మీది వానకు ఇది చాలా దగ్గరి చూపు. అయితే ఈ లాభాన్ని తగని గుమ్మటము పూర్తిగా మింగివేయగలదు. అదెలాగో చూద్దాము.

తడిసిన గుమ్మటము చేసే మోసం

పొడిగా ఉన్న మంచి రాడోమ్ వల్ల నష్టం స్వల్పమే. సమస్య అది తడిసినపుడు వస్తుంది. ఫైబర్‌గ్లాస్ విద్యుద్వ్యాపక స్థిరాంకం సుమారు 4, నురుగు పదార్థానిది ఒకటికి కాస్త ఎక్కువ. నీటిది మాత్రం 80కి దగ్గర. అంటే గుమ్మటము మీద పరుచుకొన్న కాగితమంత నీటి పొర తరంగం దృష్టిలో పెద్ద గోడ. కొంత తరంగాన్ని అది వెనక్కి తిప్పుతుంది, కొంత పీల్చుకొంటుంది.

నాలుగు మీటర్ల వ్యాసం గల గుమ్మటము మీద, నీటిని వికర్షించే పూత లేనపుడు, గంటకు పది మిల్లీమీటర్ల వానకే దాదాపు పదోవంతు మిల్లీమీటరు మందం నీటి పొర ఏర్పడుతుందని ద్రవప్రవాహ సూత్రం చెబుతుంది. పొర మందం వాన తీవ్రత ఘనమూలాన్ని అనుసరిస్తుంది. వాన ఎనిమిది రెట్లయితే పొర రెట్టింపవుతుంది. అంటే ఓ మోస్తరు వానతోనే నష్టంలో పెద్ద భాగం మొదలవుతుంది. గుమ్మటము గోడను పక్కన పెట్టి, పదోవంతు మిల్లీమీటరు నీటి పొరకు మాత్రమే లెక్క వేస్తే, పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కలిపి నష్టం ఇంచుమించు ఇలా ఉంటుంది:

ఎస్-బ్యాండ్, తరంగదైర్ఘ్యం సుమారు 10 సెం.మీ.: 1 డెసిబెల్
సి-బ్యాండ్, తరంగదైర్ఘ్యం సుమారు 5 సెం.మీ.: 3 డెసిబెళ్లు
ఎక్స్-బ్యాండ్, తరంగదైర్ఘ్యం సుమారు 3 సెం.మీ.: 6 డెసిబెళ్లు

ఈ డెసిబెళ్లను మనకు అర్థమయ్యే మిల్లీమీటర్లలోకి మార్చుదాము. రాడార్ ప్రతిఫలన విలువ నుంచి వర్షపు తీవ్రతను రాబట్టడానికి 1948లో మార్షల్, పామర్ ప్రతిపాదించిన పరిశీలనల నుంచి వచ్చిన సంబంధాన్ని ఇప్పటికీ విస్తృతంగా వాడుతున్నారు. అందులో ప్రతిఫలన విలువ, వర్షపు తీవ్రత 1.6 ఘాతానికి 200 రెట్లు. దీని ప్రకారం ఒక డెసిబెల్ నష్టం జరిగితే వర్షం అంచనా 13 శాతం తగ్గుతుంది. మూడు డెసిబెళ్లయితే 35 శాతం, ఆరు డెసిబెళ్లయితే 58 శాతం. నిజంగా గంటకు 40 మిల్లీమీటర్లు కురుస్తుంటే, తడిసిన ఎక్స్-బ్యాండ్ గుమ్మటము వెనుక నుంచి అది 17 మిల్లీమీటర్లుగా కనిపించగలదన్న మాట.

ఇక్కడ గమనించవలసిన మరొక సంగతి ఉన్నది. ఈ తప్పు వాన పడుతున్న చోటికి పరిమితం కాదు. తాడ్వాయి గుట్ట మీద గుమ్మటము తడిస్తే, ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, కామారెడ్డి అన్నిటి లెక్కలూ ఒకేసారి తగ్గుతాయి. గుమ్మటము ఆరినపుడు అన్నీ ఒకేసారి పెరుగుతాయి. వాన నిజంగా తగ్గినదా, కన్ను మసకబారినదా అని పటం చూసేవారికి తెలియదు. పైగా వాన ఎంత ఉధృతమైతే తప్పు అంత పెద్దది. ప్రమాదం ఎక్కువైన గడియలోనే భరోసా ఎక్కువగా ఇచ్చే పరికరాన్ని మనం కోరుకోము.

గోడ నిర్మాణం: మూడు మార్గాలు

మొదటిది పలుచని ఏకపొర గోడ. పదార్థంలోని తరంగదైర్ఘ్యంతో పోలిస్తే మందం చాలా తక్కువగా, దాదాపు ఇరవయ్యో వంతు లోపు ఉంటే ప్రతిఫలనం స్వల్పం. స్వయంచాలిత వాతావరణ కేంద్రాల మీది చిన్న యాంటెన్నాలకు ఇది చాలు. పెద్ద గుమ్మటానికి బలం చాలదు.

రెండవది అర్ధతరంగ గోడ. గోడ మందం పదార్థంలోని తరంగదైర్ఘ్యంలో సరిగ్గా సగం ఉంటే, వెలుపలి, లోపలి ముఖాల నుంచి వెనుదిరిగే తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. ఫైబర్‌గ్లాస్‌లో ఎక్స్-బ్యాండ్‌కు ఇది 8 మిల్లీమీటర్లు, ఎస్-బ్యాండ్‌కు దాదాపు 27 మిల్లీమీటర్లు. ఎక్స్-బ్యాండ్‌కు ఇది ఆచరణ సాధ్యమే. ఎస్-బ్యాండ్‌కు మాత్రం చదరపు మీటరుకు యాభై కిలోల బరువు తూగుతుంది.

మూడవది సాండ్‌విచ్ గోడ. రెండు పలుచని ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య తేలికైన నురుగు పదార్థం ఉంటుంది. పొరల మధ్య ఎడం పావు తరంగదైర్ఘ్యం ఉండేలా చూస్తే ప్రతిఫలనాలు రద్దవుతాయి. ఎస్-బ్యాండ్‌కు ఇటువంటి గోడ, అర్ధతరంగ గోడ బరువులో సుమారు ఎనిమిదో వంతే తూగుతుంది. దీని బలహీనత అతుకుల వద్ద ఉన్నది. బోల్టు రంధ్రం గుండానో, పగిలిన అంచు గుండానో నురుగులోకి తేమ చేరితే, ఆ పలక ఎండలో కూడ తడిగానే ఉంటుంది.

నిర్మాణ రూపాలు వేరు. 1940ల చివర అమెరికాలో వాల్టర్ బర్డ్ రూపొందించిన గాలి నింపిన గుడ్డ గుమ్మటాలలో చట్రమే ఉండదు. కాని గాలి నింపే యంత్రం ఆగితే గుమ్మటము కుంగుతుంది. కరెంటు కోతలుండే గుట్టలకు అది తగదు. లోహపు చట్రం మీద పలుచని పొర బిగించే గుమ్మటాలు చాలా బలమైనవి. అయితే ఆ చట్రమే తరంగాన్ని చెదరగొడుతుంది. వర్షపాతాన్ని కొలిచే రాడార్లకు పలకలను అంచుల వద్ద బిగించి కట్టే సాండ్‌విచ్ గుమ్మటాలే ఎక్కువగా వాడుకలో ఉన్నవి.

అతుకుల అమరికలోను ఎంపిక ఉన్నది. నారింజ తొనల వలె నిలువు అతుకులున్న గుమ్మటము కట్టడం తేలిక. కాని నేటి ద్విధ్రువణ రాడార్లు అడ్డు, నిలువు తరంగాలు రెండింటినీ పంపి, వాటి తేడా నుంచి బిందువు ఆకారాన్ని గ్రహిస్తాయి. నిలువు అతుకులు ఈ రెండు తరంగాలను భిన్నంగా ప్రభావితం చేస్తాయి. ఆ తేడా కొలతలో ఒక డెసిబెల్‌లో అయిదో వంతు పొరపాటు కూడ వర్షపు లెక్కను చెడగొడుతుంది. అందువల్ల అసమాన ఆకారాల పలకలను క్రమరహితంగా అమర్చిన గుమ్మటాన్నే ద్విధ్రువణ రాడార్‌కు ఎంచుకోవాలి.

స్థలం చెప్పే షరతులు

గాలి: భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్ల, విశాఖపట్నానికి 50 మీటర్ల మూల గాలి వేగాన్ని సూచిస్తున్నది. గాలి పీడనం వేగ వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, విశాఖ వద్ద పీడనం దాదాపు 29 శాతం అధికం. తీరానికి తయారైన గుమ్మటాన్ని లోతట్టు జిల్లాకు తెచ్చుకొంటే అనవసరపు మందం, దానితోపాటు అనవసరపు తరంగ నష్టం కూడ తెచ్చుకొన్నట్లే. అలాగని తక్కువగానూ చూడరాదు. 44 మీటర్ల వేగంలో నాలుగు మీటర్ల గుమ్మటము మీద ముప్పాతిక టన్ను వరకు తోపుడు బలం పడవచ్చు. గుట్ట శిఖరాన గాలి వేగం ఇంకా పెరుగుతుంది. వేసవి చివర వచ్చే ఈదురుగాలులను, వడగళ్లను కూడ దృష్టిలో ఉంచుకోవాలి.

పిడుగు: ఫైబర్‌గ్లాస్ విద్యుద్వాహకం కాదు. చుట్టుపక్కల ఎత్తైన వస్తువు గుమ్మటమే అయినపుడు, పిడుగు గోడను చీల్చి యాంటెన్నాను చేరగలదు. శిఖరాన గ్రాహక దండం, అక్కడి నుంచి సన్నని వాహకాలు, మంచి భూసంధానం తప్పనిసరి. మన రాతి గుట్టలలో భూసంధానం సులభం కాదు. దాని ఖర్చును మొదటి అంచనాలోనే చేర్చాలి.

దుమ్ము, బూడిద: ఈ ప్రాంతపు ప్రత్యేక సమస్య ఇది. బియ్యపు మిల్లుల ఊక బూడిద, బెల్లం బట్టీల పొగ, కోతల తర్వాత తగులబెట్టే వరి కొయ్యకాళ్ల మసి గుమ్మటము మీద పేరుకొంటాయి. నీటిని వికర్షించే పూత మీద నీరు ముత్యాల వలె జారిపోవాలి. మసి పట్టిన పూత మీద అదే నీరు పొరలా పరుచుకొంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కూడ పూతను క్రమంగా నిర్వీర్యం చేస్తాయి. కనుక కొత్త గుమ్మటము మీద చేసిన పరీక్ష అయిదేళ్ల తర్వాత చెల్లదు.

ఎంపికకు ముందు అడగవలసిన ప్రశ్నలు

పై లెక్కల వెలుగులో, మన ఉదాహరణ గుట్టకు నా సూచన ఇది: నాలుగు మీటర్ల వ్యాసం, వీలైనంత తక్కువ అతుకులు, క్రమరహిత పలకల అమరిక, పని చేసే పౌనఃపున్యానికి సరిపోల్చిన సాండ్‌విచ్ గోడ, నీటిని వికర్షించే పూత. టెండరు పత్రంలో ఈ క్రింది వివరాలు లిఖితపూర్వకంగా కోరాలి.

1. రాడార్ వాస్తవంగా పనిచేసే పౌనఃపున్యం వద్ద పొడి నష్టం ఎంత? తడి నష్టం ఎంత, ఎంత వాన తీవ్రత వద్ద కొలిచినారు?
2. అడ్డు, నిలువు తరంగాల నష్టాలలో తేడా అన్ని దిశలలోను ఎంత?
3. ఏ గాలి వేగానికి, ఏ ఎత్తుకు రూపకల్పన చేసినారు?
4. పూత ఆయుర్దాయం ఎంత? తిరిగి పూయడానికి యంత్రాన్ని ఎన్ని రోజులు ఆపాలి?
5. ఒక పలక దెబ్బతింటే ఆ ఒక్కటే మార్చవచ్చునా?

గుమ్మటము ఎంత మంచిదైనా తడి నష్టాన్ని పూర్తిగా తొలగించలేదు. అందువల్ల గుమ్మటము పక్కనే ఒక వర్షమాపకం ఉండాలి. గుమ్మటము ఎపుడు, ఎంత తడిసినదో అది చెబుతుంది, దానిని బట్టి దిద్దుబాటు చేయవచ్చు. ద్విధ్రువణ రాడార్లలో అడ్డు, నిలువు తరంగాల దశా భేదం నుంచి కూడ వర్షాన్ని లెక్కించవచ్చు. తరంగ బలం తగ్గినా దశా భేదం చెక్కుచెదరదు కనుక, భారీ వర్షంలో ఈ పద్ధతి నమ్మదగినది.

నిర్వహణ: చిన్న తప్పు, పెద్ద నష్టం

సుమారు పదేళ్ల క్రితం ఒక పరిశోధన క్షేత్రంలోని స్వయంచాలిత వాతావరణ కేంద్రం నుంచి వానాకాలం నడుమ సమాచారం నిలిచిపోయినది. బ్యాటరీ బాగున్నది, తీగలు బాగున్నవి. పది రోజుల తర్వాత అసలు కారణం దొరికినది. స్తంభానికి తుప్పు పట్టకుండా వెండిరంగు వేసిన పనివాడు, శ్రద్ధ కొద్దీ యాంటెన్నా మీది ప్లాస్టిక్ తొడుగుకు కూడ అదే రంగు వేసినాడు. ఆ రంగులో అల్యూమినియం పొడి ఉన్నది. లోహపు రేణువుల పొర తరంగాన్ని అడ్డుకొన్నది. తప్పు అతనిది కాదు. ఆ తొడుగు ఏమిటో, ఎందుకున్నదో అతనికి చెప్పని మాది. ఆ పది రోజుల వర్షపు లెక్క ఆ ఏటి ప్రయోగంలో ఖాళీగా మిగిలిపోయినది.

కనుక పెద్ద గుమ్మటానికైనా, చిన్న తొడుగుకైనా వర్తించే నియమాలు ఇవి. తయారీదారు సూచించిన రంగు తప్ప వేరే రంగు వేయరాదు. తొలకరికి ముందు, పంట కోతల తర్వాత మెత్తని గుడ్డతో, తేలికపాటి సబ్బు నీటితో కడగాలి. గరుకు బ్రష్షులు పూతను గీస్తాయి. కడిగిన తర్వాత నీరు చల్లి చూడాలి: ముత్యాలుగా జారితే పూత బాగున్నది, పొరగా పరుచుకొంటే కాలం తీరినది. పలకలను నాణెంతో తట్టి వినాలి. గట్టి శబ్దం వస్తే మంచిది, డొల్ల శబ్దం వస్తే లోపలి పొర విడిపోయినట్లు అనుమానించాలి. అతుకుల మీది సీలెంటును ప్రతి ఏటా పరీక్షించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచన

రాడార్ పటాన్ని చూసి సలహా ఇచ్చేటపుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. రాడార్ ఉన్నచోటే భారీ వర్షం పడుతున్నదా అని మొదట చూడాలి. పడుతున్నట్లయితే మిగతా ప్రాంతాల అంచనాలను కనీస విలువలుగానే భావించాలి. రెండవది, మండలంలోని వర్షమాపకం అంకెతో పటాన్ని సరిపోల్చకుండా సందేశం పంపరాదు. రెండూ విభేదించినపుడు, వరద ముప్పు ఉన్న రోజున ఎక్కువ చూపినదానినే నమ్మి రైతును హెచ్చరించడం క్షేమం. అనవసరపు హెచ్చరిక వల్ల ఒక రోజు పురుగుమందు పిచికారీ ఆగుతుంది. అందవలసిన హెచ్చరిక అందకపోతే మోటార్లు, పశువులు, ఒక్కొక్కసారి మనుషులు కూడ వాగులో పోతారు.

విద్యార్థులకు ఒక అభ్యాసం: వచ్చే వానాకాలంలో తమ మండలపు వర్షమాపకం లెక్కను, అదే గంటకు రాడార్ చూపిన అంచనాను పక్కపక్కన వ్రాసుకోండి. రాడార్ స్థలంలో వాన పడిన గంటలను, పడని గంటలను వేరుచేయండి. రెండు వర్గాల మధ్య తేడా కనిపిస్తే, అందులో గుమ్మటము మీది నీటి పొర వాటా ఎంతో ఈ వ్యాసంలోని లెక్కలతో అంచనా వేయండి. ఆ రైతు మోకాలు బంటి నీళ్లలో నిలబడి అడిగిన ప్రశ్నకు మనం ఇవ్వవలసిన జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.